ఒక్కటే హాల్ టికెట్

స్కూటర్ ఇంకా ఆగనే లేదు, గడపలో కూర్చున్న అత్తగారి ఒడిలో ఉన్న కాగితం స్వర్ణ కంటబడింది.

కాశమ్మ దాన్ని వెనక్కి తిప్పి చూసింది. వెనకవైపు ఏమీ లేదు. మళ్లీ ముందుకు తిప్పింది. కోడలి ఫొటో ఉంది, కోడలి సంతకం ఉంది. ఆమెకు చదువు రాదు గాని మొహాలు గుర్తుపట్టడానికి చదువెందుకు? కొడుకు మొహం అందులో లేదు.

మామగారు సత్తయ్య గోడకు ఆనుకుని, లాల్చీ జేబులు రెండూ బయటికి లాగి నిలబడి ఉన్నాడు. పాలకోసం తార్నాక చౌరస్తా దాకా పోయినవాణ్ని జిరాక్స్ షాపు రఘువీర్ కేకేసి పిలిచాడట. మీ పరశురాం ఫోన్ల పంపిండు, అచ్చు తీసిపెట్టిన, పట్టుకపో అని చేతిలో పెట్టాడట. ఒకటే పెట్టాడట. ఇంకోటి ఉండాలె గద అని అడిగితే, పంపిందే ఒకటి అన్నాడట. ముప్పైయొక్క ఏళ్లు యూనివర్సిటీ తోటల్లో మొక్కలకు నీళ్లు పోసి రిటైరైన ఆ మనిషి, రెండో కాగితం తనే దారిలో పారేసుకున్నట్టు బెంగపడి ఉన్నాడు.

తెల్లవారుజామునుంచి క్యాంపస్‌లో కూర్చుని చదివి వచ్చిన ఆలుమగలిద్దరూ వాకిట్లోనే ఆగిపోయారు.

“మావోనిది యాడున్నది?” కాశమ్మ అడిగింది కోడల్ని.

స్వర్ణ భర్తవైపు చూసింది. ఆమెకూ తెలియదు. హాల్ టికెట్లు నిన్న వచ్చాయని, ఇద్దరివీ తీయిస్తానని చెప్పినవాడు అతనే. ఆగస్టులో దరఖాస్తులు నింపినవాడూ అతనే. రెండూ నింపిన అనే చెప్పాడు.

పరశురాం హెల్మెట్ కూడా తీయకుండా, సర్వర్ పనిచేస్తలేదమ్మా, నాది రేపొస్తది అన్నాడు.

ఆ మాట అబద్ధమని స్వర్ణకు అక్కడికక్కడే తెలిసిపోయింది. ఒకే పరీక్ష రాసే ఇద్దరిలో ఒకరికి పనిచేసిన సర్వర్ ఇంకొకరికి పనిచేయకుండా పోదు. కాశమ్మకు సర్వర్ అంటే ఏమిటో తెలియదు గాని కొడుకంటే తెలుసు. ముప్పైరెండేళ్లుగా తెలుసు. అయినా తల్లి మనసు కదా, కొడుకును వదిలిపెట్టి కోడలిమీదికే పోయింది.

“ఆఫీసుల నూరుమంది కాయితాలు నింపుతవు పిల్లా. మొగనిది ఒక్కటి నింప యాది లేకపాయెనా?”

స్వర్ణ ఇప్పుడన్నా మాట్లాడతాడా అని భర్తకేసి చూసింది. పరశురాం గడ్డం కింద హెల్మెట్ బెల్టు వెతుక్కుంటూ నిలబడ్డాడు. రోజూ చిటికెలో ఊడే బెల్టు ఆవేళ దొరకనే లేదు.

ఆర్నెల్లుగా ఆ ఇంట్లో నడుస్తున్నది పరశురాం పరీక్ష. అలాగని ఎవరూ చాటింపు వేయలేదు. దానంతటదే అలా అయి కూర్చుంది. క్యాట్ రాసి పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీలో చేరబోయేది కొడుకు, పక్కన తోడుగా కూర్చుని పుస్తకాలు అందించేది కోడలు. పోయిన ఏడు కూడా ఇద్దరూ రాశారు. ఇద్దరికీ సీటు రాలేదు, కొద్దిలో తప్పింది అని ఇంట్లో మాట. ఆ కొద్దిలో తప్పింది స్వర్ణకు. లెక్కల్లో బాగా పైకి పోయిన మనిషి, ఇంగ్లీషు విభాగంలో దాటాల్సిన కనీస మార్కుల గీతకు రెండు ప్రశ్నల దూరంలో ఆగిపోయింది. పరశురాం ఏ విభాగంలోనూ ఏ గీత దగ్గరికీ పోలేదు. కాని కాశమ్మ మాత్రం వాడకట్టు మొత్తానికి, మావోనికి జరంతల పోయింది, మళ్ల రాస్తుండు అని చెప్పుకుంది. ఆ మాటను కొడుకూ దిద్దలేదు, కోడలూ దిద్దలేదు.

ఇంకేముంది, ఈసారి ఇల్లంతా కొంగు బిగించింది. నానబెట్టిన బాదంపప్పు, ఉడికించిన గుడ్డు రోజూ పరశురాం డబ్బాలో పడేవి. కాశమ్మ పదకొండు శనివారాలు కొడుకు పేరున ఒక్కపొద్దు ఉంది. ఆలుమగలు అయిదింటికి స్కూటరెక్కి పోతే, నాలుగేళ్ల మనవరాలు సహస్రను లేపి, స్నానం పోసి, రెండు జడలేసి, తినిపించి, బడి ఆటో ఎక్కించేదాకా అంతా కాశమ్మే.

బెల్టు చివరికి ఊడింది. పరశురాం హెల్మెట్ తీసి స్కూటర్ అద్దానికి తగిలించాడు.

“స్వర్ణ మరువలే అమ్మా. నాది నేనే నింపలే.”

“ఎందుకు నింపలే?”

“నాకు రాయబుద్ధి కాలే. పోయినేడు కూడ స్వర్ణకు తోడుగ రాసిన. అంతే.”

కాశమ్మ కాసేపు ఆ మాటను నోట్లోనే తిప్పుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

“మరి ఆ గుడ్లు?”

“స్వర్ణ తిన్నది. నేనే తినుమన్న.”

సత్తయ్యకు నవ్వొచ్చింది. భార్య మొహం చూసి దాన్ని దగ్గులో కలిపేశాడు.

కాశమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. కాగితాన్ని ఒడిలో పెట్టుకుని, నలగకుండా చీర కుచ్చిళ్లమీద సాపు చేసి, లేచి తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. లోపలికి పోయింది. పావుగంటకు చేతిసంచితో బయటికొచ్చింది. నేను మల్కాజ్‌గిరి పోతున్న, బిడ్డ పద్మ దగ్గరుంట, మీ పరీక్షలు పబ్బాలు అయినంక చూస్త అని గోడకు చెప్పినట్టు చెప్పింది. సత్తయ్య సంచి అందుకుని, బస్సెక్కించి వస్తనని వెనకే నడిచాడు.

పోయేముందు ఆమె నిద్రలో ఉన్న మనవరాలి దుప్పటి సర్దింది. కోడలివైపు మాత్రం చూడలేదు.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా స్వర్ణ అక్కడే నిలబడింది. చేతిలో కాగితం మీద పరీక్ష తేదీ ఉంది. ఇంకా పదిహేడు రోజులు. ఆ పదిహేడు పొద్దులూ ఇప్పుడే చేతిసంచిలో సర్దుకుని మల్కాజ్‌గిరి వెళ్లిపోయాయని ఆమెకు అర్థమైంది.

*

మర్నాడు అయిదింటికి స్కూటర్ మీద ముగ్గురు ఉన్నారు.

పాపను నేను చూసుకుంట, మీరు పోండి అని సత్తయ్య అన్నాడు పాపం. కాని కళ్లు తెరిచి పక్కన నానమ్మ లేకపోయేసరికి సహస్ర రాగం అందుకుంది. తల్లి చున్నీ పట్టుకుని వదల్లేదు. చేసేది లేక మంకీ క్యాప్ తొడిగి, ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని బయల్దేరారు. దారిపొడుగునా ఆలుమగల మధ్య ఒక్క మాట లేదు. నిన్నటినుంచీ లేదు.

లైబ్రరీ వెనక చెట్ల కింద వాళ్లు కూర్చునే సిమెంటు బెంచీ ఒకటుంది. ఆ చెట్లలో సగం సత్తయ్య గుంతలు తీసి నాటినవే. మంచు ఇంకా విడవలేదు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు రోడ్డుమీద గుంపుగా పరుగెడుతున్నారు. అవతలి చెట్టు కింద ఎవరో గ్రూప్స్ పుస్తకం పట్టుకుని రాజ్యాంగం పైకి వల్లిస్తున్నారు. ఆ క్యాంపస్‌లో పొద్దున పూట ఏ చెట్టు కింద చూసినా ఏదో ఒక పరీక్ష కూర్చుని ఉంటుంది.

స్వర్ణ పుస్తకం తెరిచింది. ఆమెకు చదువులో ఒక పద్ధతి కుదిరింది. అది జులైలో, చాలా తిప్పలు పడ్డాక కుదిరింది. పోయిన ఏడు ఇంగ్లీషు వ్యాసాలు చదువుతుంటే ఒక్కో మాటకూ అర్థం తెలిసేది, మొత్తం మీద ఏం చెప్పాడో నిలిచేది కాదు. పదో తరగతిదాకా తెలుగు మీడియంలో చదివిన బుర్ర. ఇప్పుడు ఒక్కో పేరా చదవగానే దాన్ని అరచేత్తో మూసేస్తుంది. అందులో ఏముందో తెలుగులో, సహస్రకు చెప్పినట్టు, ఒకే వాక్యంలో పైకి చెప్పుకుంటుంది. చెప్పగలిగితే ముందుకు. చెప్పలేకపోతే మళ్లీ చదవడమే. మొదట్లో ఇరవైనాలుగు ప్రశ్నల్లో తొమ్మిది దాటేది కాదు. ఇప్పుడు పదిహేనుకు వచ్చింది. ఇంకో రెండు పెరిగితే ఈసారి గీత ఎంత పెరిగినా దాటినట్టే.

ఆవేళ సముద్రంలో బతికే ఏదో ప్రాణి గురించి వ్యాసం. మొదటి పేరా మూసి చెప్పింది. రెండోది మూయబోతే ఆ చెయ్యి లాగి సహస్ర ఉడతను చూపించింది. మళ్లీ మొదలుపెడితే దాహమంది. మళ్లీ మొదలుపెడితే బూటులోకి చీమ పోయింది. పరశురాం ఎత్తుకుని పక్కకు తీసుకుపోయాడు, రెండు నిమిషాల్లో ఏడుపుతో తిరిగి తెచ్చాడు. ఏడయ్యేసరికి ఆ సముద్రపు ప్రాణి రెండో పేరాలోనే ఉంది.

స్వర్ణ పుస్తకం మూసేసింది.

“రెండు ఫారాలు నింపిన అన్నవు.”

“అన్న.”

“ఎందుకన్నవు?”

పరశురాం చెప్పుకొచ్చాడు. రామంతాపూర్‌లో టీవీ స్టూడియోలో లైట్లు పెట్టే పని అతనిది. ఆ పని తనకు ఇష్టమన్నాడు. ఒక మనిషి మొహం మీద ఎటునుంచి వెలుగు పడాలో చూసుకుంటూ బతుకంతా గడిపేయగలనన్నాడు. మేనేజరు కావాలని తనకు ఏనాడూ లేదు. పోయినసారి పరీక్ష హాల్లో కళ్లు మూసుకుని, స్వర్ణకు ఎట్లా ఉందో అనుకుంటూ కూర్చున్నాడట.

“నీ పరీక్ష అంటే అమ్మ నిన్ను అయిదింటికి పంపుతదా? వంటెవరు జేస్తరంటది, పిల్లనెవరు జూస్తరంటది. నా పరీక్ష అంటే ఇల్లంత లేచి కూసుంటది. గందుకే గట్ల నడిపిచ్చిన.”

“నాకన్న చెప్పొద్దా?”

“చెప్తే ఒప్పుకుంటుంటివా?”

ఒప్పుకునేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కోపం ఎటు పోవాలో తెలియక కాసేపు తచ్చాడి, మళ్లీ అతని దగ్గరికే వచ్చింది.

“నీ పేరు మీద తిన్న. నీ పేరు మీద చదివిన. రేపు నాకు సీటొస్తే, అది కూడ నీ పేరు మీద వచ్చిందని చెప్తవా?”

అతను కింద రాలిన ఆకొకటి తీసి, ఈనెలు ఒక్కొక్కటే ఒలవడం మొదలుపెట్టాడు.

“నిన్న అత్తమ్మ నన్నడుగుతుంటే హెల్మెట్ల దాసుకున్నవు.”

“భయమైంది స్వర్ణా.”

ఆ ఒక్క మాట నిజంగా అన్నాడు. ఆమె మనసు ఒక వేలెడంత మెత్తబడింది. అంతే, అంతకంటే కాదు. ఎందుకంటే ఆ వెంటనే అతనింకో ఉపాయం చెప్పాడు. సాయంత్రం మల్కాజ్‌గిరి పోయి, వచ్చే ఏడు తప్పకుండా నేనే రాస్తనని అమ్మకు మాటిస్తాడట. ఆ మాట వింటే ఆమె అటో ఇటో చూడకుండా బస్సెక్కి వచ్చేస్తుందట.

స్వర్ణ లేచి నిలబడింది. సహస్ర బూట్లకు అంటిన మట్టి దులిపి, టోపీ సరిచేసి, చంకనెత్తుకుంది.

“నువ్వు పోకు. నేను పోత. నేనొక్కదాన్నే పోత.”

*

శనివారం ఆఫీసు ఒక పూటే. మల్కాజ్‌గిరి స్టేషన్ వెనక మొదటి అంతస్తులో ఉంటుంది ఆడబిడ్డ పద్మశ్రీ. మెట్లెక్కి పోయేసరికి కాశమ్మ వరండాలో పాత చీర పరుచుకుని, ముందర కుప్ప పోసిన అనపకాయలు ఒలుస్తోంది. కోడల్ని చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. చీర అంచు కొంచెం లాగి చోటు మాత్రం చేసింది.

పద్మశ్రీ మంచినీళ్లు ఇచ్చి, వదినె చెవిలో చెప్పింది. అమ్మ పొద్దుగాలకెల్లి మెతుకు ముట్టలేదు, ఒక్కపొద్దున్నది. ఎవరికోసమే అంటే, అలవాటు పోతలేదు అన్నది. చెప్పి తను లోపలికి పోయింది. ఏ మాటల మధ్య ఉండకూడదో తెలిసిన మనిషి.

స్వర్ణ చున్నీ దోపుకుని కూర్చుంది. తనూ ఒక కాయ తీసుకుని ఒలిచింది. కింద రెండు రైళ్లు పోయాయి. కాయల కుప్ప తగ్గింది, పళ్లెంలో గింజలు పెరిగాయి.

చివరికి స్వర్ణే మొదలుపెట్టింది. పోయిన ఏడు కొద్దిలో పోయింది తనదేనని, పరశురాంది కాదని చెప్పింది. నువ్వు అందరికీ మావోనికి జరంతల పోయిందని చెప్తుంటే పక్కనే ఉండి వింటూ ఊరుకున్న, ఆ తప్పు నాది, దానికి మీ కొడుకును అనొద్దు అంది.

“వాడు అబద్ధమాడిండని కాదు పిల్లా నా బాధ,” అంది కాశమ్మ, కళ్లు కాయల మీదే పెట్టి. “పిల్లలు తల్లికి ఆడని అబద్ధముంటదా. నీ పరీక్షంటే నేను పంపనని వానికెరుక. నన్ను ఎరిగే గట్ల చేసిండు. గదే నా బాధ.”

“పంపుతుంటివా అత్తమ్మా?”

కాశమ్మ చేతిలోని కాయ ఒలవడం పూర్తిచేసింది. పొట్టు పక్కన వేసింది.

“పంపకపోతుంటి.”

ఇంత నిజం ఆ అత్తాకోడళ్ల మధ్య పెళ్లయిన ఆరేళ్లలో ఎన్నడూ నడవలేదు. స్వర్ణకు ఏడవాలనీ అనిపించలేదు, కొట్లాడాలనీ అనిపించలేదు. ఆ జవాబులో కాలు మోపుకోవడానికి గట్టి నేల దొరికినట్టనిపించింది.

అప్పుడు కాశమ్మ ఇంకో ప్రశ్న అడిగింది. ఉద్యోగముండె, మొగడుండె, పిల్ల ఉండె, మళ్ల ఈ చదువెందుకు అని. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. స్వర్ణ చెప్పింది. హబ్సిగూడలో ఆమె పనిచేసే మందుల కంపెనీలో, చేయిపట్టి పని నేర్పిన పిల్లలు ముగ్గురు, పెద్ద కాలేజీల్లో రెండేళ్లు చదివొచ్చి ఆమెకే పై అధికారులై కూర్చున్నారు. మొన్న వచ్చినవాడు ఆమె తయారుచేసిన కాగితమే ఆమెకు చదివి వినిపించి, అర్థమైందా అక్కా అన్నాడు. ఆవేళ ఇంటికొచ్చి సహస్రకు అన్నం తినిపిస్తూ, ఇంకొక్కసారి రాయాలి అనుకుంది. అంతే.

కాశమ్మ ఊ కొడుతూ విన్నది. విని, ఆర్నెల్లలో ఎవరూ అడగని మాట అడిగింది.

“సీటొస్తే గీడనేనా చదువు?”

“గీడ లేదు అత్తమ్మా. యాడొస్తే గాడికి పోవాలె. రెండేండ్లు. హాస్టల్ల.”

“మరి సహస్ర?”

కింద మూడో రైలు వచ్చింది. పెట్టెలన్నీ పోయేదాకా జవాబు ఆపుకోవచ్చు. స్వర్ణ ఆ కాస్త సమయంలోనే చాలా మాటలు వెతికి చూసుకుంది. సీటు వస్తుందో రాదో అనొచ్చు. వస్తే అప్పుడు చూద్దాం అనొచ్చు. ప్రతి శనివారం వచ్చిపోతా అనొచ్చు. అన్నీ నోటికి దగ్గరగానే ఉన్నాయి, అన్నీ తియ్యగానే ఉన్నాయి. అయితే ఆ ఇంటికి అలాంటి మాటలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

“సహస్ర ఇంట్లనే ఉంటది, వాళ్ల నాయన దగ్గర, నీ దగ్గర. నేను పోత అత్తమ్మా. సీటొస్తే పోత.”

కాశమ్మ చేతులు ఆగిపోయాయి.

“మావోడు పోతాంటే, పెండ్లాం పిల్ల నా కండ్ల ముందుంటరు, రెండేండ్లు ఎంతసేపు అనుకున్న. నువ్వు పోతే...” అని, ఆ పోతే తర్వాత ఏమిటో తనకే తెలియక వదిలేసింది. పళ్లెంలో గింజలను కాసేపు అటూ ఇటూ కెలికింది. తల్లి లేకుండా పిల్ల ఎట్లుంటది అనలేదు. వాడకట్టు ఏమంటది అనలేదు. ఆ రెండూ ఆమె మొహంలో వచ్చిపోయాయి, స్వర్ణ చూసింది.

“నాకు నాల్గొద్దులు టైమియ్యి. ఆలోచిస్త.”

అడగడంలో తప్పేం లేదు. ఇంకెప్పుడైనా అయితే స్వర్ణ నాలుగు కాదు, నలభై ఇచ్చేది.

“నా కాడ పదిహేనే ఉన్నయి అత్తమ్మా. అండ్లకెల్లి నాల్గు ఇయ్యలేను.” గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “నువ్వొస్తే మంచిగుంటది. పిల్లకు మంచిగుంటది, నాకు మంచిగుంటది. రాకున్నా రేపు పొద్దుగాల పోత. ఎల్లుండి కూడ పోత.”

గురువారం నుంచీ కోడలి మొహం సరిగ్గా చూడని కాశమ్మ అప్పుడు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి కేకేసి కవరు తెప్పించి, ఒలిచిన గింజలన్నీ అందులో పోసి ముడివేసి కోడలి ముందుకు జరిపింది.

“పట్టుకపో. పిల్లకిష్టం.”

వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

*

ఆదివారం. సరిగ్గా ఇంకో రెండు వారాలకు, ఇదే రోజు, ఇదే పొద్దున ఎనిమిదిన్నరకు పరీక్ష.

స్వర్ణ ఇంట్లో అందరికీ ముందే చెప్పింది. ఈరోజు అసలు పరీక్ష లాగే కూర్చుంటుంది. మొదటి విభాగం ఇంగ్లీషు, నలభై నిమిషాలు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదీ పది నిమిషాలదాకా ఎవరూ ఫోన్ చేయకూడదు, చేసినా తీయదు. పరశురాం నీళ్లు కాచి, తెల్లమొహం వేసుకుని, పిల్లకు ఎంత వేడి ఉండాలె అనడిగాడు. లైటు ఎంత దూరంలో ఉంటే ఎంత వేడి తగులుతుందో ఇంచీలతో సహా చెప్పగల మనిషి. నీ చెయ్యి పెట్టి చూసుకో అని చెప్పి ఆమె స్కూటర్ తీసుకుని వచ్చేసింది. సందు దాటేవరకు సహస్ర ఏడుపు వినబడుతూనే ఉంది. బండి ఆపలేదు.

బెంచీ మీద కాగితాలు, పెన్ను, చేతిగడియారం విప్పి ఎదురుగా పెట్టుకుంది. ఫోన్ చప్పుడు ఆపి పక్కన పెట్టింది. ఎనిమిదిన్నర కాగానే మొదటి కాగితం తిప్పింది.

మొదటి వ్యాసం ఏవో పాత నగరాల్లో మురుగు కాల్వల గురించి. చదివింది, మూసింది, చెప్పింది. నాలుగు ప్రశ్నలు, నాలుగింటికీ జవాబు దొరికింది. రెండో వ్యాసం కష్టమైంది. మనుషులు మాట ఎందుకు నిలబెట్టుకుంటారని ఎవరో తత్వవేత్త తర్కం. మొదటి పేరా మూసి చెప్పింది. రెండోది మూసి చెప్పింది. మూడోదానికి వచ్చింది.

ఫోన్ కదిలింది.

చూడకూడదనుకుంటూనే చూసింది. అత్తమ్మ అని పేరు వెలుగుతోంది.

కాశమ్మ ఎవరికీ ఫోన్ చేయదు. ఒక్కసారి మోగించి పెట్టేస్తుంది, అవతలివాళ్లే తిరిగి చేయాలి. కూతురికైనా కొడుకుకైనా అదే పద్ధతి. అందుకని స్వర్ణ అది ఆగిపోతుందనుకుంది. ఆగలేదు. వణికినంతసేపు వణికి, ఆగి, మళ్లీ మొదలైంది.

మల్కాజ్‌గిరి నుంచే చేస్తోందా? తార్నాక వచ్చేసి, వాకిట్లో నిలబడి చేస్తోందా? వస్తున్న అని చెప్పడానికా, ఇక లేచి ఇంటికి రా అని చెప్పడానికా? సహస్ర ఏడుపు ఆపిందా? వేడినీళ్లు... ఆ ఆలోచనను అక్కడే తుంచేసింది. పిల్ల దగ్గర తండ్రి ఉన్నాడు. తాత ఉన్నాడు. ఇవాళ వాళ్లు చూసుకోలేకపోతే రెండు వారాల తర్వాత ఆదివారం కూడా చూసుకోలేరు. ఆవేళ తన దగ్గర ఫోనే ఉండదు.

గడియారం చూసింది. తొమ్మిది నిమిషాలు అయ్యాయి. ముప్పైయొక్కటి ఉన్నాయి.

స్వర్ణ ఫోన్‌ను బోర్లా తిప్పి పెట్టింది. పేరు కనబడడం ఆగింది గాని సిమెంటు మీద ఆ వణుకు ఆగలేదు.

మూడో పేరా చదివింది. అరచేత్తో మూసింది. ఏముందో చెప్పబోతే ఒక్క మాటా రాలేదు.

చెయ్యి తీసి మళ్లీ మొదటి వాక్యం నుంచి, వేలు పెట్టుకుని చదివింది. మళ్లీ మూసింది. పక్కన ఫోన్ మూడోసారి వణుకుతుండగా, ఆ పేరాలో ఏముందో పైకి చెప్పడం మొదలుపెట్టింది.